చేతనున్నను అందని పుస్తకము

మన పాఠశాలల రూపము శీఘ్రముగా మారుచున్నది. నల్లబల్ల యుండిన గోడపై తెర వెలయుచున్నది. పాఠ్యపుస్తకపు పుటలపై క్యూ.ఆర్. గుర్తు అచ్చువేయబడి, దాని కెదురుగా ఫోను పట్టినంతనే పాఠము దృశ్యరూపమున కన్పట్టుచున్నది. 2017 సెప్టెంబరు 5వ తేదీన కేంద్ర ప్రభుత్వము దీక్షా యను విద్యావేదికను నెలకొల్పెను. 2020 లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినపుడు తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీ నుండి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు సాగెను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును గలిపి ఐదు లక్షలకు పైగా టాబ్లెట్లను పంచిపెట్టెను. పిమ్మట ప్రభుత్వములు మారినవి గాని ఈ ప్రవాహపు దిక్కు మారలేదు.

ఈ మార్పును మేము నిరసించువారము కాము. విద్య పల్లెపల్లెకు పోవుటకు ఏ సాధనము తోడ్పడినను దానిని స్వాగతింపవలసినదే. కాని ఒక్క ప్రశ్న మాత్రము అడుగక తప్పదు. కన్నులు కానరాని బాలునికి, చెవులు వినరాని బాలికకు, వ్రేళ్లతో తెరను తాకి నడుపలేని బిడ్డకు ఈ క్రొత్త పాఠము అందుచున్నదా? అందవలెనను నియమము సొమ్ము చెల్లించునాటికే ఒప్పందములో చేరుచున్నదా? లేక, అంతయు ముగిసిన పిమ్మట ఎవరో గుర్తుచేసినపుడు మాత్రమే వారి తలంపు వచ్చుచున్నదా?

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. అందు దృష్టిలోపము గలవారు 50 లక్షలు, వినికిడిలోపము గలవారు ఇంచుమించు అంతే. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వికలాంగుల సంఖ్య 22 లక్షలకు మించియుండెను. దేశజనులలో నూటికి 70 మందికి పైగా అక్షరాస్యులై యుండగా, వికలాంగులలో అక్షరాస్యులు నూటికి 55 మంది మాత్రమే. ఈ వ్యత్యాసము విధి వ్రాసినది కాదు, మన ఏర్పాటుల ఫలితము. ఏలయన, కానరాని కన్ను చదువునకు అడ్డు కాదు. కంటితో తప్ప చదువ వీలులేని పుస్తకమే అడ్డు.

కాగితపు పుస్తకమునకు ఒక సహజమైన పరిమితి కలదు. అచ్చుపడిన అక్షరము తానుగా మాటాడదు. అంధుడు దానిని చదువవలెనన్నచో ఎవరో చదివి వినిపింపవలెను, లేదా బ్రెయిలీలో మరల అచ్చువేయవలెను. డిజిటల్ అక్షరమునకు ఆ పరిమితి లేదు. సరిగా కూర్చిన పాఠము ఒక్కటి యున్నచో, అదే పాఠము స్వరమై వినవచ్చును, బ్రెయిలీ చుక్కలై వ్రేలికి తగులవచ్చును, మందదృష్టి గలవానికి పెద్ద అక్షరమై కన్పింపవచ్చును. మూలము ఒక్కటే, రూపములు పెక్కు. కావున కాగితపు పుస్తకము అంధునకు అందకపోవుట దాని స్వభావము; డిజిటల్ పుస్తకము అందకపోవుట మాత్రము మన అశ్రద్ధ. ఈ భేదమును గ్రహించినవారికి నేటి స్థితి ఎంత శోచనీయమో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగు అక్షరము, తెలుగు బాలుడు

అంధ విద్యార్థులు కంప్యూటరును స్క్రీన్ రీడర్ అను సాధనముతో నడుపుదురు. తెరమీద నున్న అక్షరములను అది వరుసగా చదివి వినిపించును. ఒకప్పుడు ఇట్టి సాధనములకు వేలకు వేలు వెచ్చింపవలసి యుండెను. 2006 లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ఎన్.వి.డి.ఏ. అను సాధనమును నిర్మింప మొదలిడి, దానిని లోకమునకు ఉచితముగా నిచ్చెను. నేడది తెలుగును కూడ చదువును. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్టి సాధనము ముందుగనే అమర్చబడి యుండును. అనగా, చదివి వినిపించు యంత్రము బాలుని చేతిలోనే యున్నది. అది చదువదగిన తెలుగు పుస్తకమే కొరవడినది.

ఇందుకు కారణము సామాన్యముగా ఎవరికిని తెలియదు. ప్రతి భాషలోని ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను నిర్ణయించు యూనికోడ్ విధానమున 1991 నాటి మొదటి కూర్పు నుండియు తెలుగునకు స్థానము కలదు. కాని మన అచ్చుపనిలో అంతకుమించి వేరొక పద్ధతి పాతుకొనిపోయినది. అను మొదలైన పాత ఫాంట్లలో కూర్చిన పుటపై కంటికి కన్పించునది తెలుగే. కంప్యూటరు లోపల దాగియున్నది మాత్రము ఇంగ్లీషు అక్షరముల, చిహ్నముల కలగాపులగము. లోన ఇంగ్లీషు సంఖ్య, పైన తెలుగు ముసుగు. కన్నులున్నవారికి ముసుగు చాలును. స్క్రీన్ రీడర్ ముసుగును చూడదు, లోపలిదానినే చదువును. ఆ విధముగా కూర్చిన పుటను తెరచిన అంధ బాలునికి "అమ్మ" యను రెండక్షరముల మాటకు మారుగా అర్థములేని ఇంగ్లీషు శబ్దములు వినవచ్చును.

చదువరులు దీనిని తమ యింటనే పరీక్షింపవచ్చును. తమ బిడ్డల తెలుగు పాఠ్యపుస్తకపు పి.డి.ఎఫ్. ప్రతినుండి ఒక పంక్తిని నకలు తీసి, వేరొకచోట అతికించి చూడుడు. తెలుగు తెలుగుగానే నిలిచినచో ఆ పుస్తకము అంధునకు అందగలదు. వంకరటింకర ఇంగ్లీషు గుర్తులు వచ్చినచో అది కన్నులున్నవారికి మాత్రమే వ్రాసిన పుస్తకము. పంక్తి అసలు చేతికి చిక్కనిచో అది పుస్తకము కాదు, పుస్తకపు ఛాయాచిత్రము. ఈ పరీక్షకు నిపుణులు వలదు, అర నిమిషము చాలును.

దీని ఫలితమును ఆలోచింపుడు. ఇంగ్లీషు పుస్తకమునకు ఈ పీడ లేదు. అది ఏ ఫాంటులో కూర్చినను చాలవరకు చదువబడును. అందుచేత తెలుగు తల్లికి పుట్టి, తెలుగు పల్లెలో పెరిగిన అంధ బాలుడు ఇంగ్లీషు పాఠమును స్వయముగా చదువుకొనగలిగియు, తెలుగు పాఠమునకు మాత్రము పరుల నోటిని ఆశ్రయింపవలసివచ్చుచున్నది. మాతృభాషలో విద్య గరపవలెనని మనము తరములుగా కోరుచున్నాము. 2020 నాటి జాతీయ విద్యావిధానమును దానినే చాటినది. అట్టి మాతృభాష ఒక బాలునికి పరభాషకంటె దూరమగుట ఏ పరప్రభుత్వపు నిర్బంధమో కాదు. మన ముద్రణశాలలలోని అలవాటు. భాషాభిమానులు సభలలో చేయు తీర్మానములకంటె ముందు ఈ అలవాటును మాన్పింపవలసియున్నది.

ఇక గణితము, విజ్ఞానశాస్త్రములయందు కష్టము రెట్టించును. సమీకరణమును బొమ్మగా అతికించినచో యంత్రమునకు అది ఖాళీ చోటు. గుండె బొమ్మయో, కృష్ణానది పటమో పుటలో నున్నపుడు దాని ప్రక్క నాలుగు మాటల వివరణ లేనిచో అంధ విద్యార్థికి ఆ పాఠములో సగము లేనట్లే. ఇందువలననే అంధులకు విజ్ఞానశాస్త్రము తగదను అపవాదు పుట్టినది. మచిలీపట్టణము చెంత సీతారామపురమున జన్మించిన శ్రీకాంత్ బొల్లా వృత్తాంతము నేడు లోకవిదితము. పదవ తరగతి చక్కగా నుత్తీర్ణుడైన ఆ యువకునికి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుటకు వీలులేదనిరి. ఆయన న్యాయస్థానమున పోరి ప్రవేశము సాధించెను; పాఠములను స్వరరూపమున విని చదివి అగ్రశ్రేణిలో నిలిచెను; అమెరికాలోని ఎం.ఐ.టి.లో విద్య ముగించి, 2012 లో పరిశ్రమ స్థాపించి పలువురికి జీవనాధారము కల్పించెను. ఆయన ధైర్యము కొనియాడదగినదే. కాని ఒక బాలుడు సైన్సు పుస్తకము చదువుటకు న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చుట ఆయనకు కీర్తి గావచ్చును, మనకు మాత్రము కాదు. మెట్లెక్కలేక ఆగిపోయినవారి పేర్లు ఏ పత్రికలోను రాలేదు.

బధిర విద్యార్థుల గతి

వినికిడి లేనివారి కష్టము వేరొక తీరు. వీడియో పాఠములో ఉపాధ్యాయుడు మాటాడుచుండును. క్రింద అక్షరము లుండవు. ప్రక్కన సంజ్ఞలతో చెప్పువారుండరు. బధిర బాలిక పెదవుల కదలికను చూచుచు కూర్చుండవలెను. క్రింద తెలుగు అక్షరములు చూపినచో కొంత మేలే. కాని పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు తెలుగు సయితము చెవితో అబ్బిన భాష కాదని మరువరాదు. అట్టివారిలో పెక్కుమందికి సంజ్ఞాభాషయే సహజమైన భాష. దానికి స్వంత వ్యాకరణము కలదు. అది తెలుగునకు చేతులతో చేయు అనువాదము కాదు. భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము ఢిల్లీలో 2015 లో ఏర్పడినది. 2020 అక్టోబరులో ఆ కేంద్రమును, ఎన్.సి.ఇ.ఆర్.టి.యు పాఠ్యపుస్తకములను సంజ్ఞాభాషలోనికి మార్చుటకై ఒడంబడిక చేసికొనినవి. ఇది మంచి ఆరంభము. కాని మన రాష్ట్రముల పుస్తకములకు, మన ప్రాంతపు చరిత్రకు, మన తెలుగు వాచకమునకు ఆ పని ఢిల్లీవారు వచ్చి చేసిపెట్టుదురని యెదురుచూచుట తగదు. అది మనమే పూనుకొనవలసిన పని.

చేతులు స్వాధీనములో లేనివారికి, అక్షరములు తారుమారుగా తోచు బిడ్డలకు, మందబుద్ధులని లోకము త్రోసివేసిన పిల్లలకు గల అవసరములు ఇంకను వేరు. తెరపై గుర్తును వ్రేలితో ఈడ్చి గమ్యమునకు చేర్చుమను అభ్యాసము మొదటివారికి అసాధ్యము. మీట నొక్కినను జరుగునట్లు ఏర్పాటుండవలెను. లేతరంగుపై లేతరంగు అక్షరములు మందదృష్టివారికి కనబడవు. వీనిలో ఒక్కటియు ఆకాశపుష్పము కాదు. కూర్చునపుడే తలంచినచో ఇవన్నియు సులభసాధ్యములు.

శాసనము కొరవడలేదు

మన దేశమున శాసనము లేదని ఎవరును చెప్పజాలరు. 2012 లో కాపీరైటు చట్టమును సవరించి, వికలాంగులకు అందు రూపమున పుస్తకమును మార్చుటకు అనుమతి నిచ్చిరి. 2013 లో మరాకేష్ నగరమున జరిగిన అంతర్జాతీయ ఒడంబడికను 2014 జూనులో అందరికంటె ముందు ధ్రువీకరించినది మన దేశమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అందలి 16వ సెక్షను ప్రభుత్వ సహాయము పొందు విద్యాసంస్థలకే గాక ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలకును వర్తించును. 17వ సెక్షను పదునెనిమిదేండ్లవరకు పుస్తకములను, సాధనములను ఉచితముగా నీయవలెనన్నది. 42వ సెక్షను ధ్వనిరూపమున, అచ్చురూపమున, ఎలక్ట్రానిక్ రూపమున నుండు విషయమంతయు అందుబాటులో నుండవలెనన్నది. 2021 జూనులో కేంద్ర విద్యాశాఖ వికలాంగ బాలల డిజిటల్ పాఠములకై ప్రత్యేక మార్గదర్శకములను ప్రకటించెను. ఆ యేటనే భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 17802 అను ప్రమాణమును వెలువరించెను.

లోపమెచ్చటనో 2024 నవంబరు 8వ తేదీన సుప్రీంకోర్టు చూపినది. రాజీవ్ రతూరీ యను దృష్టిలోపము గల పౌరుడు 2005 లో తెచ్చిన వ్యాజ్యమది. దేశమంతట పరిస్థితిని విచారించి నివేదిక సమర్పించుటకు న్యాయస్థానము ఎన్నుకొన్నది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమును. చట్టము "చేయవలెను" అని శాసింపగా, దానిక్రింద వ్రాసిన 15వ నియమము "చేసిన బాగుండును" అను సలహాగా దానిని దిగజార్చినదని న్యాయస్థానము నిర్ణయించి, ఆ నియమము చట్టవిరుద్ధమని కొట్టివేసెను. విధిగా పాటింపదగిన నియమములను మూడు నెలలలో రూపొందింపుమని ఆదేశించెను. మరల 2025 ఏప్రిల్ 30వ తేదీన, ముఖమున ఆమ్లదాడికి గురియైనవారును, అంధులును తెచ్చిన వ్యాజ్యములలో, డిజిటల్ సేవలు అందుబాటులో నుండుట జీవించు హక్కులో భాగమని అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను.

2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను దివ్యాంగులని పిలువుమని సూచించిరి. విభిన్న ప్రతిభావంతులను పేరును మన రాష్ట్రమున వాడుకలో నున్నది. గౌరవముతో పిలుచుటను మేము కాదనము. కాని పేరు మార్చుటకు ఒక్క ఉత్తరువు చాలును. పుస్తకము మార్చుటకు పని కావలెను. దివ్యాంగుడని పిలిచి, చదువలేని పుస్తకమును చేతబెట్టుట మర్యాద అనిపించుకొనదు.

ఆక్షేపణలు

ఇట్టివారు కొలదిమందియే గదా, వారికొరకు ఇంత వ్యయమేల యని కొందరందురు. డెల్టా రైతునకు దీనికి సమాధానము మేము చెప్పనక్కరలేదు. కాలువ త్రవ్వునాడే శివారు భూములకు తూము ఉంచినచో దాని ఖర్చు లెక్కకు రాదు. గట్లు వేసి, లాకులు కట్టి, నీరు పారిన పిమ్మట గట్టు త్రెంచి తూము పెట్టుట కష్టము, నష్టము. శివారు పొలములు కొలదియే యని వానికి నీరు మానినచో ఆ రైతు ఊరకుండునా? పన్ను అందరియొద్ద తీసి, నీరు కొందరికి వదలుట న్యాయమగునా? పాఠమును యూనికోడులో కూర్చుటకు అదనపు వ్యయము స్వల్పము. పాతపద్ధతిలో కూర్చినదానిని మరల మార్చుటకే శ్రమయు సొమ్మును.

అంధులకు ప్రత్యేక పాఠశాల లున్నవి గదా యని మరికొందరందురు. అవి చేయుచున్న సేవ ఘనమైనది. కాని అవి పట్టణములలో నుండును; బిడ్డ పల్లెలో నుండును. తల్లిదండ్రులను విడిచి దూరము పోవువారికే చదువు, కానివారికి లేదు అనుట పద్ధతి కాదు. అదియునుగాక, ప్రత్యేక పాఠశాలలో చదువునదియు అదే ప్రభుత్వ పాఠ్యపుస్తకము. దాని మూలము సరిగా లేనిచో ఆ ఉపాధ్యాయులు ప్రతి యేటను మొదటినుండి టైపు చేసికొనవలసియుండును.

మూడవ ఆక్షేపణ నవీనమైనది. కృత్రిమ మేధ వచ్చినది, బొమ్మనుండి అక్షరమును అదియే గ్రహించును, మనము శ్రమపడనేల యందురు. ఆ యంత్రములు నానాటికి మెరుగగుచున్న మాట నిజము. పాత పుస్తకములను మార్చుటకు వానిని వాడుకొనవలసినదే. కాని తెలుగున ఒక వత్తు జారినచో మాట మారును. గణితమున ఒక గుర్తు తప్పినచో లెక్కయే మారును. తప్పును పట్టుకొనుటకు ముద్రితప్రతిని చూడజాలని బాలునికే ఆ తప్పును అంటగట్టుట అన్యాయము. మూలము సరిగా నున్నచోట ఊహతో పనిలేదు.

చేయవలసినది

పని స్పష్టముగనే యున్నది. రెండు రాష్ట్రముల విద్యాపరిశోధన సంస్థలును ప్రతి పాఠ్యపుస్తకమును యూనికోడులో కూర్పించి, కాగితపు ప్రతి వెలువడిన దినముననే చదువదగిన డిజిటల్ ప్రతిని కూడ వెలువరింపవలెను. జూనులో బడి తెరచినపుడు ఒకనికి పుస్తకము, వేరొకనికి దసరా సెలవుల తరువాత పుస్తకము అనునది సమానత్వము కాదు. ఆలస్యముగా వచ్చిన పుస్తకము గడచిన పాఠములను తిరిగి తేజాలదు.

అమెరికాలో 2004 నాటి విద్యాచట్టము ప్రకారము ప్రచురణకర్తలు తమ పాఠ్యపుస్తకపు మూలప్రతిని నిర్ణీతరూపమున ఒక జాతీయ భాండాగారమునకు అందజేయుట యను ఏర్పాటు జరిగినది. అంధులకు, ఇతర వికలాంగులకు వలసిన రూపములన్నియు దానినుండి తయారగును. మనకును 2016 లో ఏర్పడిన సుగమ్య పుస్తకాలయ మను డిజిటల్ గ్రంథాలయము కలదు. ముద్రణపు టెండరులో "మూలప్రతిని యూనికోడులో సమర్పింపనిదే బిల్లు చెల్లింపబడదు" అను ఒక్క వాక్యమును చేర్చినచో చాలును. ఏ ఉపన్యాసమును చేయజాలని పనిని ఆ వాక్యము చేయును.

టాబ్లెట్లు, యాప్‌లు, వీడియో పాఠములు కొనునపుడును ఇదే నియమము. కొనుటకు ముందు అంధులును, బధిరులును స్వయముగా వానిని వాడి చూచి సరియని చెప్పవలెను. వారిని గూర్చి వారు లేని సభలో నిర్ణయించుట చాలకాలము జరిగినది. ఉపాధ్యాయ శిక్షణలో ఈ సాధనముల వాడుకను నేర్పవలెను. టాబ్లెట్టులో స్క్రీన్ రీడర్ ఉన్నదని ఉపాధ్యాయునికే తెలియనిచో బాలునికెట్లు తెలియును? పాత పుస్తకములలో పదవ తరగతివి, ఇంటర్మీడియట్‌వి ముందుగా మార్చవలెను. ఏలయన జీవనమార్గము చీలు చోటు అది.

ప్రభుత్వముతో పాటు పౌరులకును ఇందు బాధ్యత కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము క్రింద ఏర్పడిన పాఠశాల యాజమాన్య సంఘములలో మన చదువరులు పలువురు సభ్యులుగా నుందురు. వచ్చు సమావేశమున మా ఊరి బడిలో ఇట్టి బిడ్డలెందరు, వారికి ఏ పుస్తకము ఏ రూపమున అందినది, అని రెండు ప్రశ్నలు వేసి, సమాధానమును మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు. ప్రైవేటు పాఠశాలలకు వేలకొలది రుసుము చెల్లించు పట్టణవాసులు తమ బిడ్డల బడి యాప్‌ను గూర్చియు అదే యడుగవలెను. చట్టము వారికిని వర్తించును. గుడికి, సత్రమునకు, బడి గదికి విరాళమిచ్చు దాతలు ఒక పాఠ్యపుస్తకమును సరియైన తెలుగులో కూర్పించుటయు విద్యాదానమే యని గుర్తింపగోరెదము. ఒక్కసారి కూర్చిన ఆ పుస్తకమును శ్రీకాకుళము బాలుడును, ఆదిలాబాదు బాలికయు, మరి పరదేశమున నుండు తెలుగుబిడ్డయు చదువుకొనగలరు.

కన్నులు లేని బాలుడు మన దయను అర్థించుటలేదు. తరగతిలో తన ప్రక్కన కూర్చున్నవానికి ఇచ్చిన పుస్తకమునే, అదే దినమున, తన భాషలో, తాను చదువగల రూపమున ఇమ్మని యడుగుచున్నాడు. చట్టము వాని పక్షమున నున్నది. సర్వోన్నత న్యాయస్థానము వాని పక్షమున నున్నది. సాధనము వాని చేతిలోనే యున్నది. మిగిలినది మన పని మాత్రమే. వచ్చు జూనునకు అచ్చునకు పోవు పుస్తకములతోనే అది ప్రారంభము కావలెను.